పిన్ని: మూడో అర్థం

నమోదు 1

ఇవాళ కూడా కలువను నిద్ర లేపింది సుభాషిణే. "లెగమ్మా కలువా, పొద్దు నెత్తికెక్కింది. నీ పక్కలో పీతలు గుడ్లు పెట్టేస్తాయి" అని, గోడకు కోర్టు బిగించిన చెవిలోంచి గొంతు. సుభాషిణి పోయి రెండు వానాకాలాలు గడిచాయి. తేలూరు చట్టంలో తల్లి లేని పిల్లకు వినికిడి హక్కని ఒకటుంది. తల్లి బతికుండగా పిలిచిన పిలుపుల్లోంచి పొద్దుటికొకటి తీసి చెవి వినిపిస్తుంది. ఈ చట్టం మొత్తంలో నేను తిట్టని వాక్యం అదొక్కటే.

కలువ కళ్ళు నులుముకుని, గోడ మీది అమ్మ బొమ్మతో "లేచానమ్మా" అంది. తర్వాత నా దగ్గరకొచ్చి వీపు తిప్పి కూచుంది.

"పిన్నీ, జడ."

జడ వేశాను. సౌరపలకల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. పిల్లను బడి పంటు ఎక్కించి చేపల పంటుకు వెళ్ళాను. ఊరంటే ఒకదానికొకటి గొలుసులు వేసి కట్టిన పంటులే. ఒకప్పుడు జనాన్ని గోదావరి దాటించిన పంటులు ఇప్పుడు మునిగిన గోదావరి ఊళ్ళన్నిటినీ వీపు మీద మోస్తున్నాయి. తేలే ఊరు కాబట్టి తేలూరన్నారు. తేలులా కుట్టడంలో కూడా ఆ పేరు నిలబెట్టుకుంది.

చేపల పంటు మీద బేరాలు వింటే నవ్వొస్తుంది. "ఏమండీ, పండుగప్ప ఎలా ఇస్తున్నారండీ?" "మీరు చెప్పండి గారూ." ఒకప్పుడు ఇదే జనం అక్కా, బాబాయ్, పిన్నీ, మావయ్యా, అల్లుడూ అని తప్ప ఎదుటి మనిషిని పిలిచి ఎరగరు. అత్తా అంటే కొసరు రెండు చేపలు ఎక్కువ పడేవి. ఇప్పుడు ఊరు ఊరంతా ఒకరికొకరు గారు.

చేపలమ్మే సత్తెమ్మ గారిని అడగండి, చెబుతుంది. "కొన్నోణ్ణల్లా అల్లుడూ అన్నానండి, అది మా అమ్మ నేర్పిన నోరు. కోర్టు నన్ను నిలబెట్టి, నీకింతమంది అల్లుళ్ళు తేలారు, కూతుళ్ళేరీ అంది. నాకసలు పెళ్ళే కాలేదు మొర్రో అన్నాను. అయితే కూతుళ్ళని దాచిన కేసు పెడతానంది!"

సముద్రం లోపలికి వచ్చిన ఏడాది కాగితాలన్నీ మునిగాయి, పిలుపులు మిగిలాయి. ఎవరి పిల్ల ఎవరిదో తెలియని ఆ గోలలో కోర్టు ఒక ఉపాయం చేసింది. ఏడాదిపాటు ఒకరు ఒకే పిలుపు పిలిచి, ఇంకొకరు పలికితే అదే బంధుత్వం. వినడానికి పంటు పంటుకూ చెవులు బిగించారు. ఆ రోజుల్లో అది మంచి చట్టమే, కాదనను. తప్పిపోయిన పిల్లలు దానివల్లే తల్లుల్ని చేరారు. కానీ ఆపద గడిచింది, ఉపాయం మిగిలింది. తాత్కాలికంగా చేసిన చట్టానికి ఉన్నంత ఆయుష్షు లోకంలో దేనికీ లేదు. మొదట్లో బేరానికి వచ్చి ఏమండీ అన్న ఆడవాళ్ళని కొట్టువాళ్ళకి భార్యలుగా రాసుకుంది కోర్టు. అది పెళ్ళి పిలుపు కాదు, ఉత్త మర్యాద అని చెప్పడానికి మళ్ళీ ఒక ఉత్తర్వు కావలసివచ్చింది.

ఇంటికొచ్చేసరికి గోడ చెవిలో నోటీసు. "విశాలాక్షి గారికి. మైనరు కలువ సంరక్షణ కోరుతూ ఆమె తండ్రి గంగరాజు పిటిషను వేశారు. విచారణకు హాజరు కావలెను."

నమోదు 2

మహిళా సంఘం గోడపత్రికలో వారం వారం కోర్టు మాటలకు అర్థాలు రాస్తుంటాను. ఈ వారం మాట వెతుక్కోకుండానే వచ్చి తగిలింది. సహజ సంరక్షకుడు.

పిల్లకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆ తర్వాతే మిగతావాళ్ళంటుంది చట్టం. సహజమట! వాన సహజం, ఆకలి సహజం. పిల్ల పుట్టకముందే సముద్రం అడుగు గనుల్లోకి దిగిపోయి, దానికి పాలపళ్ళు వచ్చి, ఊడి, మళ్ళీ మొలిచే వేళకు పైకి తేలినవాడు ఏ ప్రకృతి ప్రకారం సహజమో ఈ మాట రాసినవాళ్ళు చెబితే వినాలని ఉంది. దానికి విరేచనాలు పట్టుకున్నప్పుడు తుపానులో పంటు నుంచి పంటుకు పాకుతూ వెళ్ళి మందు తెచ్చిన మనిషి అసహజం కాబోలు. ఆయనకు మాత్రం కడుపుకోత ఉండదా అని అడిగేవాళ్ళున్నారు, మా సంఘంలోనే ఉన్నారు. ఉంటుంది, లేదని ఎవరన్నారు? కడుపుకోత వేరు, హక్కు వేరు. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని పట్టుకుపోవడమే ఇన్ని వందల ఏళ్ళుగా నడుస్తున్న కథ.

ఇంతవరకు రాశాక గంగరాజే వచ్చాడు. గుమ్మం బయట చెప్పులు విప్పి నిలబడ్డాడు. గనుల్లో ఉన్నవాళ్ళ మాట బరువుగా, ఆగి ఆగి వస్తుంది.

"బాగున్నారాండి, విశాలాక్షి గారూ."

"బాగానే ఉన్నాం, ఇన్నాళ్ళూ మీ దయ లేకపోబట్టి."

"ఆయ్. అనండి. పడాలి కదండి."

"అన్నేళ్ళలో ఒక్క మాట పంపలేకపోయారా?"

"అడుగునుంచి మాట పైకి రాదండి. వచ్చినా సుభాషిణి పలికేది కాదండి. నేనెళ్ళింది ఆవిడ పొమ్మంటేనే కదండి."

అది నిజం. ఎందుకు పొమ్మందో నాకు తెలుసు, నాకోసం. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఇద్దరం గోడ మీది చెవి వైపు చూసి ఊరుకున్నాం.

కలువ నా వెనక నుంచి తల పెట్టి చూసింది. "ఎవరు పిన్నీ?"

"గంగరాజు గారు."

'గారు' అన్నప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. జేబులోంచి నల్లటి రాయి తీసి పిల్ల చేతిలో పెట్టాడు. "సముద్రం అడుగునుంచి తెచ్చానమ్మా."

"ఇందులో చేపుందా?"

"లేదమ్మా. రాయే."

"మరెందుకు తెచ్చారండీ?"

ఆయన నవ్వాడు. నవ్వి, నావైపు చూడకుండా, "మీకన్యాయం చెయ్యాలని కాదండి. నాకంటూ ఓ మనిషుండాలి కదండి" అన్నాడు.

నమోదు 3

కోర్టు అంటే మనిషి కాదు. పాత ఓడ అడుగున ఒక పెద్ద గది, గోడల నిండా చెవులు, వాటన్నిటికీ కలిపి ఒకే గొంతు. దాని పేరు న్యాయవాణి. నా తరఫు ప్లీడరు షరీఫ్ గారు ముందే చెప్పారు. "వాదించండి గానీ కోపంగా వాదించకండి విశాలాక్షి గారూ. దానికి కోపం అర్థం కాదు, మళ్ళీ చెప్పమంటుంది. మీరు మళ్ళీ చెబుతారు. మళ్ళీ కోపం వస్తుంది. పొద్దు పోతుంది."

"మైనరు కలువ మిమ్మల్ని ఏమని పిలుస్తుంది?" అంది న్యాయవాణి.

"పిన్ని."

"పిలుపుల పట్టిక ప్రకారం ఆ పదానికి మూడు అర్థాలు. ఒకటి, తల్లికి చెల్లెలు. రెండు, బాబాయి భార్య. మూడు, తండ్రి తరువాతి భార్య. మీరు ఏ అర్థంలో పిన్ని?"

"మొదటి అర్థంలో."

"మీకు, మృతురాలు సుభాషిణికి రక్తసంబంధం లేదు. పిలుపు సంబంధమైనా చాలు. ఆమె మిమ్మల్ని చెల్లీ అని పిలిచిన దాఖలా వెతుకుతున్నాను."

నాకు అప్పుడే తెలుసు, దొరకదని. మేమిద్దరం ఒక గదిలో, ఒక పొయ్యి మీద, ఒక దుప్పటి కింద బతికాం. దానికి ఈ పట్టికలో మాట లేదు, అడిగినవాళ్ళూ లేరు. పిల్ల పుట్టాక ఒకసారి బతిమాలాను. ఒక్క ఏడాది నన్ను చెల్లీ అని పిలవవే, రేపెందుకైనా పనికొస్తుందని. సుభాషిణి విరగబడి నవ్వింది. "నిన్నా? చెల్లీ అంటే నా కళ్ళు పోతాయే!" అంది. పిల్లకు మాత్రం పిన్నీ అని నేర్పింది. ఆ మాట ఎవరికైనా సరిపోతుందిలే అనుకుంది.

న్యాయవాణి చదవడం మొదలుపెట్టింది. నాకు వినికిడి హక్కు లేదు కాబట్టి సుభాషిణి గొంతుతో కాదు, తన గొంతుతోనే చదివింది.

"సుభాషిణి విశాలాక్షిని పిలిచిన పిలుపులు. ఏమే. ఒసేయ్. ఏమే. రాక్షసీ. ఇటు చూడవే. నా ప్రాణానికి దొరికావే. ఏమే. ఏమే. ఏమే."

కొలతబద్దతో కొలిచినట్టు, ఏ మాటకూ ఎక్కువా తక్కువా లేకుండా చదివింది. సభలో ఎవరో కిసుక్కుమన్నారు. గంగరాజు తల వంచుకున్నాడు. ఆ గదిలో ఆ పిలుపులకు అర్థం తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ ఆయనా.

"చెల్లీ అన్న పిలుపు లేదు. గంగరాజుకు తమ్ముళ్ళు లేరు కనుక రెండో అర్థం వర్తించదు. మిగిలినది మూడో అర్థం. విశాలాక్షి గంగరాజుకు తరువాతి భార్య."

గంగరాజు ఉలిక్కిపడి లేచాడు. "అయ్యబాబోయ్! నేనడిగింది పిల్లనండి. పెళ్ళాన్ని కాదండి!"

"పెళ్ళయిపోయింది, ఇప్పుడేం లాభమండి," వెనక నుంచి సత్తెమ్మ గారు, "భోజనాలన్నా పెట్టండి!"

గది గొల్లుమంది. నేను కూడా నవ్వానేమో, గుర్తు లేదు. నవ్వు తగ్గేదాకా ఆగి న్యాయవాణి మిగతాది చెప్పింది. భార్య తగిన కారణం లేకుండా భర్తకు దూరంగా ఉంటున్నది. ఇది పరిత్యాగం. కావున దాంపత్య హక్కుల పునరుద్ధరణకు ఆదేశించడమైనది. వచ్చే పౌర్ణమి పోటు లోగా పిల్లతో సహా భర్త పంటుకు చేరవలెను.

నమోదు 4

ఈ వారం గోడపత్రిక మాట: పునరుద్ధరణ.

కూలిన వంతెనను మళ్ళీ కడితే పునరుద్ధరణ. ఎన్నడూ లేనిదాన్ని ఎలా పునరుద్ధరిస్తారు? కాపురం అనే మాటలో పొయ్యి ఉంది, అలక ఉంది, పొద్దున్నే ఎవరు ముందు లేవాలన్న తగువుంది. దాన్ని దాంపత్య హక్కు అనగానే ఒకరు హక్కుదారు అవుతారు, ఇంకొకరు ఆ హక్కు కిందికొచ్చే వస్తువవుతారు. ఇంత పెద్ద మాట దేనికి? లాక్కొచ్చి పడెయ్యండి అని రాసుకోవచ్చుగా. పరిత్యాగం మాట సరే సరి. ఎవర్ని ఎవరు వదిలారు? నేను వదిలిపెట్టడానికి ముందు పట్టుకున్నదెప్పుడు?

ఇది చదివి మా సంఘం సానుభూతిపరుడు, పెద్దమనిషొకాయన అన్నాడు, ఎంతో అభ్యుదయంగా. "అదంతా నిజమే విశాలాక్షి గారూ. అయినా వెళ్ళి ఓ మూల పడుంటే పిల్ల దక్కుతుంది కదా." ఓ మూల పడుండడమే కదయ్యా మా అమ్మమ్మలు, వాళ్ళ అమ్మమ్మలు చేసింది! పిల్లలు దక్కుతారనే కదా చేశారు! మా మెడకు తాడు ఎవరు వేసినా, దాని రెండో కొస ఎప్పుడూ పిల్ల మెడకే కట్టి ఉంటుంది. ఇటు లాక్కుంటే అది ఏడుస్తుంది, ఇక నోరు మూసుకోవాలి. ఇది మీకు ఇన్నాళ్ళూ అర్థం కాలేదంటే నేను నమ్మను. అర్థమయ్యే ఊరుకున్నారు.

సాయంత్రం గంగరాజు వచ్చాడు. షరీఫ్ గారు కూడా ఉన్నారు. ముగ్గురం పంటు దిగే నిచ్చెన దగ్గర కూచున్నాం.

"మధ్యలో తెర కట్టుకుందామండి," అన్నాడు గంగరాజు. "ఇవతల నేను, అవతల మీరూ పిల్లా. నేనేం సొరచేపనాండి?"

"మీరు కాదు. తెరకు రెండు వైపులా చెవి ఉంటుంది. నేను దగ్గినా మీ భార్య దగ్గినట్టే రాసుకుంటుంది. చచ్చాక కూడా మీ భార్యగానే చస్తాను."

ఆయన తెర మాట వదిలేశాడు. "పోనీ, విడాకులు అడగండి. నేనొప్పుకుంటాను."

షరీఫ్ గారు తల అడ్డంగా ఊపారు. "విడాకులైతే ఆవిడ పిన్ని కూడా కాదు, పరాయి మనిషి. పిల్ల నేరుగా మీ దగ్గరకొస్తుంది."

ఎంత బాగుందో చూడండి. పెళ్ళి లేకుండా భార్యనయ్యాను, విడాకులతో ఏమీ కాకుండా పోతాను.

"దత్తత?" అన్నాను. "నేను దత్తత తీసుకుంటాను."

"దానికి తండ్రి ఒప్పుకోవాలి" అని షరీఫ్ గారు గంగరాజు వైపు చూశారు.

గంగరాజు అరచేతులు చూసుకున్నాడు. గోళ్ళ కింద అడుగు మన్ను ఇంకా నల్లగానే ఉంది. "సుభాషిణిని ఇచ్చేశాను కదండి," అన్నాడు నాతో, చాలా నెమ్మదిగా, చెవికి అందనంత నెమ్మదిగా. "ఇదీ ఇచ్చేత్తే నాకేం మిగులుద్దండి?"

ఆయన నిచ్చెన దిగుతుంటే దీపం పట్టుకున్నాను.

ఆయన వెళ్ళాక షరీఫ్ గారు, "ఇంకో దారుంది. మీకు నచ్చదు" అన్నారు. పన్నెండేళ్ళ లోపు పిల్ల, తాను అమ్మా అని పిలిచే మనిషి దగ్గరే ఉంటుంది. సహజ సంరక్షకుడు కూడా కదపలేడు. పిల్ల తన నోటితో కోర్టులో ఒక్కసారి అంటే చాలు, ఏడాది ఆగనక్కర్లేదు.

"దానికి అమ్మ ఉంది కదండీ."

"అదే. ఒక పిల్లకి ఒక్క అమ్మ. ఆ మాట మీ మీదికి ఎక్కాలంటే సుభాషిణి గారి మీంచి దిగాలి."

"దిగితే?"

"ఆవిడ పిల్లని పిలిచిన పిలుపులు చెరిపేస్తారు. పొద్దుటి వినికిడి ఉండదు. ఆవిడ ఈ పిల్లకి ఏమీ కానట్టే."

అప్పుడు షరీఫ్ గారిని నేనన్న మాటలు రాయను. పాపం, అంతా విన్నారు. "తిట్టండి, పర్వాలేదు. కోర్టుకంటే నేను బాగా వింటాను" అన్నారు.

నమోదు 5

ఇవాళ పొద్దుటి పిలుపు: "కలువా, వెళ్ళి మీ పిన్నిని లేపవే. మొద్దు నిద్ర అది. ముక్కు పట్టుకుని లాగు."

కలువ వచ్చి నా ముక్కు పట్టుకుని లాగింది. నేను నిద్రపోవడం లేదు. ఆ గొంతు వినడానికి నాకు హక్కు లేదు, పిల్ల హక్కులోంచి దొంగిలించి వింటున్నాను. రోజూ అంతే, పిల్ల కంటే ముందే లేచి ఎదురుచూస్తాను.

నమోదు 6

చెవి లేని చోటు ఈ ఊళ్ళో చిన్న దోనె ఒక్కటే. కలువను ఎక్కించుకుని నాచు పొలాల అవతలికి తెడ్డు వేశాను. అక్కడ చెప్పాను.

"నిన్ను అమ్మా అనాలా? ఆటకా?"

"ఆటకి కాదు. ఇక ఎప్పటికీ."

"మరి అమ్మో?"

"కోర్టుకి ఒక్క అమ్మే ఉండాలిట."

"దానికి రెండు దాకా లెక్కలు రావా?"

"రావు."

"నేను నేర్పనా?"

నవ్వొచ్చింది. ఈ పిల్ల నా నోరే పుచ్చుకుంది. నవ్వు గొంతులో ఉండగానే మిగతాది కూడా చెప్పాను. చెప్పకుండా తీసుకెళ్ళి అనిపించవచ్చు. ఏడేళ్ళ పిల్లకు ఏం తెలుస్తుందనుకోవచ్చు. అయితే తెలియనివాళ్ళ చేత సంతకాలు పెట్టించుకున్నవాళ్ళని నా జన్మంతా తిట్టాను. అందుకని చెప్పాను. నువ్వు ఆ మాటంటే పొద్దున్నే అమ్మ పిలవదు.

కలువ నీళ్ళలో చెయ్యి పెట్టి ఉంచింది.

"అస్సలు పిలవదా?"

"పిలవదు."

"నా పుట్టినరోజుకి కూడానా?"

"కూడా."

తెడ్డు వెయ్యడం మానేశాను. దోనె దానంతటదే గుండ్రంగా తిరుగుతోంది. అనవద్దులే, గంగరాజు గారి దగ్గరకు వెళ్ళి ఉండు, నేను అప్పుడప్పుడు వచ్చి చూస్తాను అనే మాట నాలుక చివర ఉంది. అదే న్యాయమేమో. నా సుభాషిణిని, దాని సుభాషిణిని బతకనిచ్చినట్టు అవుతుంది. అనలేకపోయాను. పిల్ల కావాలి నాకు. ఇందులో సిద్ధాంతమేమీ లేదు.

"నేను లేచానమ్మా అంటాను కదా," అంది కలువ ఎప్పటికో, "అమ్మకి వినపడదు. మళ్ళీ రేపు లెగమ్మా అంటది. రోజూ అంతే." చెయ్యి నీళ్ళలోంచి తీసి గౌనుకు తుడుచుకుంది. "నువ్వైతే వింటావు."

తర్వాత తనే నేర్చుకుంది. "అమ్మా" అంది, చాలా చిన్నగా, కొత్త చెప్పుల్లో కాలు పెట్టి చూసినట్టు. ఇంకోసారి అంది. అప్పుడు నావైపు తిరిగి అడిగింది.

"పిన్నీ, సరిగ్గా అన్నానా?"

నమోదు 7

కోర్టు. పిల్లకు ఎత్తు చాలదని పీట వేశారు. గంగరాజు ఎదుటి బల్ల మీద, ఉతికిన చొక్కాతో. మధ్యలో ఒకసారి కలువ వైపు చూసి చెయ్యి ఊపాడు. కలువ కూడా ఊపింది.

"కలువా, పక్కనున్న ఈమె నీకు ఏమవుతుంది?" అంది న్యాయవాణి.

"అమ్మ."

"ఈమెను ఇకపై ఆ మాటతోనే పిలుస్తావా?"

"పిలుస్తానండీ."

అంతటితో అయిపోతుందనుకున్నాం. షరీఫ్ గారు కాగితాలు సర్దుకుంటున్నారు కూడా. న్యాయవాణి మళ్ళీ అంది.

"మృతురాలు సుభాషిణి నీకు ఏమవుతుంది?"

ఈ ప్రశ్న మేం అనుకోలేదు. షరీఫ్ గారికి కూడా తెలియదు. కలువ నావైపు చూసింది. బడి లెక్క రాకపోతే ఇంట్లో నావైపు చూసే చూపు.

"తెలీదండీ" అంది కలువ.

"తెలియదు అనే సమాధానం చాలదు. సుభాషిణి నీకు అమ్మ అవుతుందా, కాదా?"

"అభ్యంతరం!" అని షరీఫ్ గారు లేచారు. "పిల్లని ఇలా అడగడం..."

"అభ్యంతరం నమోదైంది. ప్రశ్న మిగిలి ఉంది. అవునా, కాదా?"

కలువ కాలివేళ్ళు పీట అంచును గట్టిగా పట్టుకున్నాయి. నేను తనకు నేర్పినదల్లా గుర్తు తెచ్చుకుంటోంది. నేను ఇది నేర్పలేదు.

"కాదు."

ఆ మాట కింద పడకముందే గంగరాజు బల్ల నెట్టి లేచాడు. "ఆపండి! నాకొద్దండి! నా పిటిషను నేనెనక్కి తీసేసుకుంటాను, ఆ మాట కొట్టెయ్యండి. పిల్ల చేత అదేం మాటండి అనిపించడం! దాని తల్లండి ఆవిడ!"

"నిర్ణయం నమోదైంది" అంది న్యాయవాణి. "సంరక్షణ తల్లి విశాలాక్షికి. మూడో అర్థంలో ఇచ్చిన ఆదేశం రద్దు. గంగరాజుకు నెలకొకసారి సందర్శన హక్కు. ఉపసంహరించుకోవడానికి పిటిషనులో ఇక విషయం మిగలలేదు."

బయట గొలుసుల మీద కూచుని గంగరాజు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సత్తెమ్మ గారు ఆయనకు నీళ్ళు తాగించింది, నోటికి అలవాటైన మాట ఏదో అనబోయి మింగేసింది.

"నా వల్లేనండి," అన్నాడాయన నాతో. "కొంచెం ముందు లేచుంటే..."

మీ వల్ల కాదు, చట్టం వల్ల. ఈ వాక్యం ఎన్నిసార్లు రాసి ఉంటానో, ఎన్ని సభల్లో చెప్పి ఉంటానో. నిజమైన వాక్యమే. నోటిదాకా వచ్చాక అది ఎవరిదో వాక్యంలా ఉంది. ఆయన పక్కనే గొలుసు మీద కూచున్నాను. సుభాషిణిని పోగొట్టుకున్నవాళ్ళం ఇద్దరం, చెవులున్నాయి కాబట్టి ఆ పేరు ఎత్తకుండా కాసేపు కూచున్నాం. కలువ మా ఇద్దరి మధ్యకొచ్చి నిలబడి, ఎవర్ని ఏమని పిలవాలో తెలియక, ఎవర్నీ పిలవలేదు.

గెలిచాను. సంఘంవాళ్ళు అభినందిస్తూ కబురు పంపారు. ఇలాంటి గెలుపులనే కదా మనం జనానికి చూపిస్తాం, చట్టంలో దారులు లేకపోలేదని.

నమోదు 8

పొద్దున్నే అలవాటుగా మెలకువ వచ్చింది. చెవి వైపు తిరిగి పడుకున్నాను. అందులో సముద్రపు హోరు తప్ప ఏమీ లేదు. పక్కకు చూస్తే కలువ అప్పటికే మేలుకుని ఉంది, కళ్ళు తెరుచుకుని, కదలకుండా. అదీ వింటోంది. ఎండ గదిలోకి వచ్చి దాని పాదాల దాకా పాకింది.

"లెగమ్మా కలువా" అన్నాను. నా గొంతు నాకే ఎబ్బెట్టుగా ఉంది.

"లేచానమ్మా" అంది.

వీపు తిప్పి కూచుంది. జడ వేశాను. బిగుతుగా పడిందేమో, ఏమీ అనలేదు. చద్దన్నం తింది. సంచి భుజాన తగిలించుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, రోజూ ఆగే చోట బొమ్మ ముందు ఆగింది. నోరు తెరిచింది. ఆ మాట మొదటి అక్షరం దాకా పెదాలు విచ్చుకున్నాయి. గోడ మీది చెవి వైపు చూసింది, నావైపు చూసింది, పెదాలు మూసుకుంది.

బడిలో కొత్త టీచరు ముందు నిలబడినట్టు చేతులు కట్టుకుంది.

"సుభాషిణి గారూ," అంది, "బడికెళ్ళొస్తానండీ."